కేసు డైరీలో రాయకుండా వదిలేసినవే ఇప్పుడు నా కథలు

ఎస్సైగా చేరి, సర్వీసులో ఎక్కువ భాగం క్రైమ్ సైడే పనిచేసి, డీఎస్పీగా రిటైరయ్యాను. ఇప్పుడు టీవీకి క్రైమ్ ఎపిసోడ్లు రాస్తున్నాను, వాటిలో కొన్నిటికి నిర్మాతల్లో ఒకడిని కూడా. ఈ మార్పు ఎలా జరిగిందని మా బ్యాచ్ వాళ్లు, రైటింగ్‌లోకి రావాలనుకునే కుర్రాళ్లు అడుగుతూనే ఉంటారు. ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పేది కాదు కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మొదలైంది భుజం మీద రిబ్బన్ దగ్గర. రిటైరైన కొత్తలో ఒక సీరియల్ యూనిట్ వాళ్లు తెలిసినవాళ్ల ద్వారా పిలిచారు, పోలీస్ స్టేషన్ సెట్ వేశాం, ఒకసారి చూసి ఏమైనా తేడాలుంటే చెప్తారా సార్ అని. వెళ్లి చూస్తే సీఐ వేషం వేసిన నటుడి భుజం మీద మూడు నక్షత్రాలున్నాయి గానీ కింద ఎరుపు, నీలం రిబ్బన్ లేదు. ఎస్సైకి రెండు నక్షత్రాలు, రిబ్బన్. సీఐకి మూడు నక్షత్రాలు, రిబ్బన్. డీఎస్పీకి మూడు నక్షత్రాలే, రిబ్బన్ ఉండదు. అంటే అక్కడ నిలబడింది సీఐ కాదు, డీఎస్పీ. పైగా ఆ సీన్‌లో డీఎస్పీ వచ్చి ఈ సీఐని నిలదీయాలి, చూస్తే ఇద్దరి భుజాలూ ఒకేలా ఉన్నాయి. కాస్ట్యూమ్స్ చూసే అబ్బాయి వెంటనే పెట్టెలన్నీ వెతికి రిబ్బన్లు పట్టుకొచ్చి అక్కడే కుట్టించాడు. స్టేషన్ సెట్‌లో రైటర్ టేబుల్, అంటే స్టేషన్‌లో రాతపని చూసే పోలీసు కూర్చునే టేబుల్ కూడా లేదు. స్టేషన్ గుమ్మం దాటగానే ఫిర్యాది ముందు నిలబడేది ఆ టేబుల్ ఎదురుగానే, జనరల్ డైరీ ఉండేది దాని మీదే. అది లేని స్టేషన్ నాకు స్టేషన్‌లా అనిపించలేదు, తెప్పించి పెట్టించాను.

ఆ తర్వాత స్క్రిప్ట్ కాగితాలు కూడా చూడమన్నారు. మార్జిన్లో రాయడం మొదలుపెట్టాను. ఇక్కడ పోలీసుల ముందు నేరం ఒప్పుకుంటే కేసు అయిపోయినట్టు చూపించారు, అలా కాదు, పోలీసు అధికారికిచ్చిన ఒప్పుకోలు కోర్టులో సాక్ష్యంగా పనికిరాదు. ఇక్కడ ముద్దాయిని మూడు రోజులు స్టేషన్‌లో ఉంచినట్టు చూపించారు, ఇరవై నాలుగు గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి, అది రాజ్యాంగంలోనే ఉంది, 22వ అధికరణం. ఇలా రాస్తూ పోతే నా మార్జిన్ రాతలు వాళ్ల సీన్ల కంటే ఎక్కువైపోయాయి. చివరికి ఆ టీమ్‌కి హెడ్ రైటర్‌గా ఉన్న అమ్మాయి, మా పెద్దమ్మాయి వయసు ఉంటుంది, "సార్, మీరే ఒక ఎపిసోడ్ రాసివ్వండి, ఎలా వస్తే అలా" అంది.

పోలీసు ఉద్యోగంలో మేం రాసేది కొంచెం కాదు. ఎఫ్ఐఆర్, పంచనామా, సాక్షుల వాంగ్మూలాలు, రిమాండ్ రిపోర్ట్, చివర్లో ఛార్జ్‌షీట్, ఇవన్నీ ఒకెత్తు అయితే కేసు డైరీ ఒక్కటీ ఒకెత్తు. సమాచారం ఎప్పుడు అందింది, ఆ రోజు దర్యాప్తు ఎన్నింటికి మొదలుపెట్టి ఎన్నింటికి ముగించాం, ఎక్కడెక్కడికి వెళ్లాం, ఏం తేలింది, ఇవి రోజువారీగా రాయాలని పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీ 172వ సెక్షన్ చెప్పేది, ఇప్పుడు దాని బదులు వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 192. కోర్టు అడిగి చూడొచ్చు, ముద్దాయి తరఫువాళ్లకు మామూలుగా చూసే హక్కు లేదు. అయినా ఐఓ, అంటే దర్యాప్తు అధికారి, అందులో ప్రతి మాటా ఆచితూచి పెడతాడు, ఎందుకంటే రేపు బోనులో నిలబడాల్సింది అతనే. అలా ఏళ్ల తరబడి రాసిన చెయ్యి నాది. ఆ చెయ్యి ఎపిసోడ్ కూడా అలాగే రాసింది. ఎవరు ఎక్కడికి వెళ్లారు, ఏం దొరికింది, ఎవరిని పట్టుకున్నారు, అన్నీ వరసగా, ఒక్క తప్పు లేకుండా ఉన్నాయి.

ఆ అమ్మాయి మొత్తం చదివి బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. "సార్, ఈ కేసులో మీరు కళ్లారా చూసి, కాగితం మీద పెట్టకుండా వదిలేసినవి ఏమైనా ఉన్నాయా?" అని అడిగింది. నన్ను అలాంటి ప్రశ్న అంతకుముందు ఎవరూ అడగలేదు. పైఅధికారులు అడగరు, డిఫెన్స్ లాయర్లు అడిగితే వేరే ఉద్దేశంతో అడుగుతారు.

అప్పుడు చెప్పాను. ఊరు, పేర్లు, కాలం ఇక్కడ రాయను. పొలం గట్టు తగాదాలో హత్య, కొడవలితో. దాన్ని ఊరి బయట పాడుబడ్డ బావిలో పడేశానని ముద్దాయి చెప్పాడు, పంచులను, అంటే సాక్షులుగా ఉండే ఊరివాళ్లను, వెంటబెట్టుకుని అతన్ని తీసుకెళ్లాం. బావి గట్టు మీద నిలబడి చెయ్యి చాపి చూపించాడు. మా వెంట వచ్చినవాళ్లలో ఈత వచ్చిన హోంగార్డు ఒకతను చొక్కా విప్పి నడుముకి తాడు కట్టుకుంటున్నాడు. ముద్దాయి కొంచెం ముందుకు వంగి, "అన్నా, ఆ పక్క దిగకు, మెట్టు విరిగింది, కింద రాయి ఉంటది" అన్నాడు. హోంగార్డు తలూపి ఇటు పక్క నుంచి దిగాడు. కొడవలి దొరికింది. పంచనామా రాశాం, సంతకాలు తీసుకున్నాం, సీల్ వేశాం. కేసు డైరీలో ఆ రోజుకి ఉన్నది కొన్ని లైన్లే, వాటిలో ఈ మాట లేదు. ఉండాల్సిన అవసరమూ లేదు, నేరం రుజువు చెయ్యడానికి అది దేనికీ పనికిరాదు. కానీ ఒక మనిషిని నరికిన చెయ్యి, ఇంకో మనిషికి దెబ్బ తగులుతుందేమోనని చూపించడం నేను దగ్గర నుంచి చూశాను, అది నన్ను వదల్లేదు.

"ఎపిసోడ్ ఇదే సార్, మిగతాదంతా దీని చుట్టూ కట్టుకుందాం" అంది ఆ అమ్మాయి. నాకు రైటింగ్‌లో నిజమైన పాఠం అదే, తర్వాత ఎన్ని వర్క్‌షాపుల్లో కూర్చున్నా అంత సూటిగా ఎవరూ చెప్పలేదు.

దీని వెనక చట్టం కూడా ఉంది. పాత సాక్ష్యాధారాల చట్టం 27వ సెక్షన్ మీద, బ్రిటిష్ కాలంలో అన్నిటికంటే పై కోర్టైన ప్రీవీ కౌన్సిల్ 1946లో ఇచ్చిన పులుకూరి కొట్టయ్య తీర్పు మన గుంటూరు వైపు కేసులోదే, ట్రైనింగ్‌లో ప్రతి ఎస్సైకీ చెప్తారు. కస్టడీలో ఉన్న ముద్దాయి చెప్పిన దానిలో వస్తువు దొరకడానికి నేరుగా దారితీసిన మాట వరకే కోర్టులో చెల్లుతుంది. ఫలానా చోట దాచాను, వస్తే చూపిస్తాను అన్న ముక్క చెల్లుతుంది. దానితోనే పొడిచాను అన్న ముక్క చెల్లదు. అంటే మనిషి చెప్పిన వాక్యాన్ని మధ్యలో కత్తిరించి ఒక భాగం తీసుకుని మిగతాది వదిలెయ్యడం మాకు వృత్తిలో భాగం. అది న్యాయం కోసమే, పోలీసు చేతిలో ఉన్న మనిషి మాటను నమ్మడంలో జాగ్రత్త ఉండాలి కాబట్టే. కానీ అలా ఏళ్లపాటు వదిలేసిన ముక్కలన్నీ ఎక్కడికీ పోవు, మనలోనే ఉంటాయి. రిటైరయ్యాక నేను చేసిన పనల్లా పాత కేసులు ఒక్కొక్కటీ గుర్తు చేసుకుంటూ ఫైల్లోకి ఎక్కని సంగతులు మాత్రమే నోట్‌బుక్‌లో రాసుకోవడం. శవ పంచనామా జరుగుతుంటే పక్కింటావిడ గేదెను విప్పి నీడలో కట్టెయ్యడం. దొంగతనం జరిగిన ఇంట్లో పోయిన నగల కంటే బీరువాలో చిందరవందరైన చీరల గురించి ఇల్లాలు ఎక్కువ బాధపడటం. ఇవి కల్పించి రాయాలంటే నా వల్ల కాదు, చూశాను కాబట్టి రాయగలుగుతున్నాను.

ఇక ఇంటరాగేషన్ సీన్ల సంగతి. ఈ విషయంలో నేను ఎవరి మాటా వినను. తెర మీద పోలీసు చెయ్యెత్తగానే ముద్దాయి నిజం కక్కేసినట్టు చూపించడం నాకు చాలా బాధ కలిగిస్తుంది, ఎందుకంటే చూసే జనం అదే పద్ధతి అనుకుంటారు, కొత్తగా చేరే కుర్రాళ్లు కూడా కొందరు అదే మగతనం అనుకుంటారు. అరెస్టు ఎలా చెయ్యాలో, అరెస్టు మెమోలో ఏముండాలో, బంధువులకు ఎలా తెలియజెయ్యాలో డీకే బసు కేసులో 1996లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మనిషి ఒప్పుకోకుండా నార్కో పరీక్ష చెయ్యకూడదని 2010లో సెల్వీ కేసులో చెప్పింది. స్టేషన్లన్నిటిలో సీసీ కెమెరాలు పెట్టాలని 2020 డిసెంబర్‌లో చెప్పింది. ఇవన్నీ ఉండగా ఇంకా లాకప్‌లో తలకిందులుగా వేలాడదీసే సీన్ రాయమంటే నేను రాయను. దెబ్బ తగిలినవాడు దెబ్బ ఆగడానికి ఏం చెప్పాలో అదే చెప్తాడు, దాంతో అసలు నేరస్తుడు హాయిగా బయట తిరుగుతాడు. క్రైమ్‌లో పనిచేసిన ఎవరినైనా అడగండి, ఓపిగ్గా కూర్చుని అడిగిన ప్రశ్నే కేసుని ముందుకు నడిపిస్తుంది.

ఒకసారి సెట్‌లోనే దీని మీద వాదన అయింది. సీన్ ఏమిటంటే, అనుమానితుడు ఆ సాయంత్రం నేను ఊళ్లో లేను, బస్సులో ఉన్నాను అంటాడు. డైరెక్టర్ గారు చెంపదెబ్బ పెట్టారు. "సార్, దెబ్బ లేకపోతే సీన్ పండదు" అన్నారు. నేను కుర్చీ లాక్కుని నటుల పక్కన కూర్చుని ఇలా అడిగించాను. బస్సులో ఏ పక్క కూర్చున్నావు? కుడి పక్క, కిటికీ దగ్గర. నిద్రపోయావా? లేదు సార్, ఎండ మొహం మీద కొడుతోంది, నిద్ర పట్టలేదు. అంతే, అక్కడితో ఆఫీసర్ ఆ మాట వదిలేసి ఇంకేదో అడుగుతాడు. సాయంత్రం పూట ఉత్తరానికి పోయే బస్సులో ఎండ ఎడమ పక్క పడుతుంది, కుడి పక్క కూర్చున్నవాడి మొహం మీద కొట్టదు. ఆఫీసర్‌కి అర్థమైంది, చూసేవాళ్లలో కొందరికి అర్థమవుతుంది, అర్థం కానివాళ్లకి తర్వాతి సీన్‌లో తెలుస్తుంది. దీంతో నేరం రుజువైపోదు, ఆ మాట పట్టుకుని కండక్టర్‌ని వెతుక్కుంటూ వెళ్లాలి, టికెట్ల లెక్క చూడాలి, ఆ రోజు ఎవరెక్కారో అడగాలి. దర్యాప్తు అంటే అదే. డైరెక్టర్ గారు పెద్దమనిషి, రెండు రకాలుగానూ తీశారు, ఎడిటింగ్‌లో ఎండ సీనే ఉంచారు.

నిజం కేసుల్ని కథలుగా వాడుకోవడం గురించి చాలామందికి భయాలున్నాయి, కొందరికి అసలు భయమే లేదు, రెండూ మంచివి కావు. ఉద్యోగంలో ఉన్నంతకాలం 1964 నాటి ప్రవర్తనా నియమాలు వర్తిస్తాయి, ఉద్యోగం ద్వారా తెలిసింది బయట పెట్టడానికి వీల్లేదు. నేను సర్వీసులో ఉండగా ఒక్క లైను కూడా బయటికి రాయలేదు. రిటైరయ్యాక కూడా అన్నీ మనవే అనుకోకూడదు. ఇన్‌ఫార్మర్ ఎవరన్నది చచ్చేదాకా చెప్పకూడదు, అది చట్టం కంటే పెద్ద మాట. కోర్టు రికార్డుల్లోకి ఎక్కిన విషయాలు రాయొచ్చని, అంతకు మించి ఒకరి సొంత జీవితంలోకి వెళ్లాలంటే వాళ్ల అనుమతి కావాలని 1994లో ఆర్. రాజగోపాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తమిళనాడులో జైల్లో ఉన్న ఆటో శంకర్ ఆత్మకథ అచ్చు వెయ్యడం మీద వచ్చిన కేసు అది. ఆ తీర్పులోనే లైంగిక దాడికి గురైన స్త్రీల పేర్లకు మినహాయింపు ఉంది. బాధితురాలి గుర్తింపు బయటపెడితే పాత శిక్షాస్మృతి ఐపీసీలో 228ఏ, ఇప్పుడు దాని బదులు వచ్చిన బీఎన్ఎస్‌లో 72, రెండేళ్ల దాకా జైలు. చనిపోయిన బాధితురాలి పేరైనా బయట పెట్టకూడదని 2018లో నిపుణ్ సక్సేనా కేసులో స్పష్టంగా చెప్పారు. పిల్లల విషయంలో పోక్సో, జువెనైల్ జస్టిస్ చట్టాలు ఇంకా గట్టిగా ఉన్నాయి. విచారణ నడుస్తున్న కేసు జోలికి నేను అసలు పోను.

పేరు మార్చేస్తే చాలనుకుంటారు చాలామంది. చాలదు. చిన్న ఊళ్లో ఒకే ఒక్క టైలర్ భార్య హత్య జరిగితే, పేరు మార్చి టైలర్ అని ఉంచినా ఆ జిల్లా మొత్తానికి తెలిసిపోతుంది. వృత్తి మార్చాలి, కుటుంబంలో వరసలు మార్చాలి, రుతువు మార్చాలి, ఒక్కోసారి రెండు మూడు కేసుల్లోవి కలపాలి. నేరం ఎలా చేశారన్న దగ్గర ఒక మెట్టు నేను కావాలనే వదిలేస్తాను, చూసి నేర్చుకునేవాడికి అది దొరకకూడదు. విషం పేరు చెప్పను. ఆత్మహత్య ఎలా చేసుకున్నారో చూపించను, దీనికి ఛానెల్‌లో స్టాండర్డ్స్ టీమ్ వాళ్లు కూడా అభ్యంతరం పెడతారు, వాళ్ల పట్ల చాలామంది రైటర్లకు కోపం గానీ ఈ ఒక్క విషయంలో నేను వాళ్ల పక్షమే.

చట్టం అడగకపోయినా ఒక పని నేను చేస్తాను. కథ ఏ కేసు మీద ఆధారపడిందో ఆ కుటుంబం ఇంకా ఉంటే వెళ్లి కలుస్తాను. వద్దంటే వదిలేస్తాను. వదిలేసిన కథలున్నాయి, వాటి గురించి విచారమేమీ లేదు. ఒక తల్లి మాత్రం ఒప్పుకుంటూ ఒక్క మాట అడిగింది. ఆవిడ కూతురు కనపడకుండా పోయిందని మొదట వేరే స్టేషన్‌లో మిస్సింగ్ కేసు పెట్టారు. తర్వాత శవం దొరికింది, కేసు మా దగ్గరికి వచ్చింది, శిక్ష కూడా పడింది. మిస్సింగ్ కేసుల ఫిర్యాదుల్లో అలవాటుగా రాసే మాట ఒకటుంది, "ఇంట్లో ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయినది" అని. ఆ స్టేషన్ రైటర్ కూడా అదే రాశాడు. చదివి వినిపించారో లేదో గానీ తల్లి వేలిముద్ర వేసింది. "బాబూ, పేరు మార్చుకోండి, ఊరు మార్చుకోండి. చెప్పకుండా పోయిందని మాత్రం రాయకండి. నా పిల్ల చెప్పే వెళ్లింది. పొద్దు గూకేలోగా వస్తానమ్మా అని గుమ్మంలో నిలబడి చెప్పింది. ఆ కాగితంలో అలా రాశారని కోర్టులో చదివినప్పుడు తెలిసింది నాకు" అంది. ఇన్నేళ్లూ ఆవిడ మనసులో హంతకుడి మీద ఉన్న బాధతో పాటు ఆ ఒక్క వాక్యం మీద బాధ కూడా అలాగే ఉంది. ఊరంతా ఆ వాక్యాన్ని పట్టుకుని ఆ పిల్ల గురించి ఏమేం మాట్లాడుకున్నారో ఆవిడ చెప్పింది, అవి ఇక్కడ రాయను.

ఆ ఎపిసోడ్ మొదటి సీన్‌లో కూతురు గుమ్మంలో నిలబడి తల్లికి చెప్పి వెళ్తుంది. రెండో సీన్‌లో స్టేషన్‌లో రైటర్ ఫిర్యాదు రాస్తాడు, రాసింది పైకి చదువుతాడు, తల్లి ఆపి "చెప్పే వెళ్లింది, మార్చండి" అంటుంది, అతను కొట్టేసి మళ్లీ రాస్తాడు. నిడివి పెరిగిందని ఆ సీన్ తీసేద్దామన్నారు. ఛేజ్ సీన్ తగ్గించుకుందాం గానీ దాన్ని ముట్టుకోవద్దని కూర్చున్నాను. అది టెలికాస్ట్ అయ్యాక పనిలో ఉన్న ఒక స్టేషన్ రైటర్ నాకు ఫోన్ చేసి, సార్, నేను ఇకనుంచి మిస్సింగ్ ఫిర్యాదులో ఆ మాట అడగకుండా రాయను అన్నాడు.

సైన్స్ విషయంలో కూడా కొంచెం చెప్పాలి, ఎందుకంటే రైటర్లు ఎక్కువగా నన్ను అడిగేది దాని గురించే. డాక్టర్ శవాన్ని చూడగానే రాత్రి తొమ్మిదింపావుకి చనిపోయాడు అని చెప్పడం జరగదు. శరీరం బిగుసుకోవడం రెండు నుంచి నాలుగు గంటల్లో మొదలై పన్నెండు గంటలకు అటూఇటూగా పూర్తయి తర్వాత సడలుతుంది, ఎండాకాలంలో ఇంకా తొందరగా. కాబట్టి డాక్టర్ చెప్పేది ఎప్పుడూ ఫలానా సమయం నుంచి ఫలానా సమయం మధ్యలో అని. సెల్ టవర్ కూడా అంతే, ఫోన్ ఫలానా టవర్ పరిధిలో ఉందని చెప్తుంది, ఫలానా ఇంట్లో ఉందని చెప్పదు. డీఎన్ఏ రిపోర్టు బ్రేక్ తర్వాత వచ్చెయ్యదు, ల్యాబ్‌లో వరసలో ఉంటుంది. రిపోర్టు కోసం ఎదురుచూసే ఆ రోజుల్లో ఐఓ పడే టెన్షన్, పైనుంచి వచ్చే ఫోన్లు, బాధితుల ఇంటివాళ్లు రోజూ స్టేషన్ బెంచీ మీద వచ్చి కూర్చోవడం, ఇవి రాస్తే సైన్స్ తప్పు చెప్పకుండానే ఎపిసోడ్ నిలబడుతుంది.

2024 జులై 1 తర్వాత ఇంకో జాగ్రత్త వచ్చింది. కొత్త చట్టాలు అమల్లోకి వచ్చాయి కాబట్టి కథ ఏ తేదీన జరుగుతోందో ముందే తేల్చుకోవాలి. 2023లో జరిగిన హత్య అయితే ఐపీసీ 302, 2025లో అయితే బీఎన్ఎస్ 103. ఎఫ్ఐఆర్ సీఆర్‌పీసీ 154 కింద కాదు, బీఎన్ఎస్ఎస్ 173 కింద. సోదా చేసేటప్పుడు ఆడియో వీడియో తియ్యాలి. ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ వాళ్లు చోటుకు రావాలన్న నిబంధన కూడా పెట్టారు, దాన్ని రాష్ట్రాలు దశలవారీగా తెచ్చుకోవచ్చు. చెయ్యి అలవాటు కొద్దీ ఇప్పటికీ 302 అనే రాయబోతుంది, అందుకే ప్రతి స్క్రిప్ట్ మొదటి పేజీలో కథాకాలం పెద్ద అక్షరాలతో రాయిస్తున్నాను.

నిర్మాతగా మారడం నా కోరిక కాదు గానీ, నేను రాసింది నేను రాసినట్టు తెర మీదికి రావాలంటే డబ్బు లెక్కలు మాట్లాడే గదిలో కూడా నేను ఉండాలని అర్థమైంది. గంటకు పన్నెండు నిమిషాలకు మించి ప్రకటనలు వెయ్యకూడదని కేబుల్ టీవీ నియమాల్లో ఉంది. దాని ప్రకారం అరగంట స్లాట్‌లో మన కథకు మిగిలేది ఇరవై నాలుగు నిమిషాలు. అందులో టైటిల్స్, రీక్యాప్ పోవాలి. ప్రతి బ్రేక్ ముందు ఏదో ఒకటి తేలకుండా ఆగాలి. రైటర్‌గా ఉన్నప్పుడు "రాత్రి, వర్షం, రోడ్డు మీద జనం గుమిగూడారు" అని ఒక్క లైను రాసి పడేస్తాం. నిర్మాత కుర్చీలో కూర్చుంటే ఆ లైనులో జనరేటర్, రెయిన్ ట్యాంకర్, జూనియర్ ఆర్టిస్టులు, వాళ్ల రాత్రి భత్యం, రోడ్డు పర్మిషన్ అన్నీ కనిపిస్తాయి. అప్పుడు ఆలోచిస్తాం, ఈ సీన్‌లో జనం నిజంగా కావాలా, లేక పోలీసు టేప్ అవతల ఒక్క ముసలాయన నిలబడి పదే పదే ఒకే ప్రశ్న అడిగితే సరిపోతుందా అని. చాలాసార్లు ముసలాయనే బాగుంటాడు. డబ్బు లేక చేసిన మార్పుల్లో కొన్ని కథకే మేలు చేశాయి, అన్నీ కాదు.

మనకంటే ముందే ఈ దారిలో నడిచినవాళ్లు బయట దేశాల్లో ఉన్నారు. లాస్ ఏంజెలెస్ పోలీసులో డిటెక్టివ్ సార్జెంట్‌గా చేసిన జోసెఫ్ వాంబా ఇంకా ఉద్యోగంలో ఉండగానే, 1973లో, అమెరికన్ టీవీలో పోలీసుల మీద ఒక సీరీస్ మొదలవడానికి కారణమయ్యాడు. బాల్టిమోర్‌లో రెండు దశాబ్దాలు పోలీసుగా పనిచేసిన ఎడ్ బర్న్స్ తర్వాత బడిలో పంతులుగా పనిచేసి, ఆ తర్వాత డేవిడ్ సైమన్ అనే మాజీ విలేకరితో కలిసి 2002 నుంచి 2008 దాకా వచ్చిన ది వైర్‌లో పనిచేశాడు. ఆ సీరీస్ నాలుగో సీజన్ బడి చుట్టూ తిరగడానికి అతని పంతులు ఉద్యోగమే కారణం. ఇది నాకు చాలా నచ్చిన విషయం, నేరం జరిగాక వెళ్లే మనిషి, నేరం మొదలుకాని చోట కూడా కొంతకాలం కూర్చుని చూశాడు. మన దగ్గర అలాంటివాళ్లు లేరని కాదు, రాయమని అడిగేవాళ్లు తక్కువ.

అందుకే ఇప్పుడు మావాళ్లు ఎవరైనా రిటైరయ్యాక రాస్తామంటే, నేను పెట్టే షరతు ఒక్కటే. మీ సర్వీసులో ఒక్క కేసు తీసుకోండి, సెక్షన్ నంబర్ ఒక్కటి కూడా లేకుండా, "సదరు", "నమ్మదగిన సమాచారం మేరకు" లాంటి మాటలు లేకుండా కొన్ని పేజీలు రాసి పంపండి అంటాను. పంపినవాళ్లలో రిటైరైన ఒక మహిళా హెడ్ కానిస్టేబుల్ రాసింది చదివి నేనే వెళ్లి ఆవిడను కలిశాను. ఆసుపత్రి వార్డులో గాయపడిన ముద్దాయికి కాపలాగా రాత్రంతా కూర్చున్న డ్యూటీ గురించి రాశారు. పక్క మంచం మీద, అతని చేతిలో దెబ్బతిన్న మనిషి ఉన్నాడు, ఇద్దరికీ మధ్య ఆవిడ స్టూలు. తెల్లవారే దాకా ఆ ఇద్దరిలో ఎవరు నీళ్లు అడిగినా ఇచ్చింది ఆవిడే. డైలాగులు తక్కువ, ఛేజ్ లేదు, తుపాకీ లేదు. ఆవిడ ఇప్పుడు మా రైటర్స్ రూమ్‌లో ఉన్నారు, ఆ ఎపిసోడ్ వచ్చే షెడ్యూల్‌లో తీస్తున్నాం. ఛానెల్ వాళ్లు వార్డులోంచి ముద్దాయి పారిపోయే ప్రయత్నం ఒకటి పెట్టమంటున్నారు, ఆవిడ మాత్రం ఆ రాత్రి ఎవరూ ఎక్కడికీ పారిపోలేదండీ అంటున్నారు, నేను ఆవిడ పక్కన కూర్చున్నాను.